మా ఆయన ఒళ్ళు చేసిన సంవత్సరం

మా ఆయన పెళ్ళినాటి నుంచీ సన్నమే. పెళ్ళి ఫొటోల్లో ఆయనకంటే మెడలో దండే నిండుగా కనిపిస్తుంది. ఆ సన్నదనానికి బాధ్యురాలిని నేనేనని మా అత్తవారి వైపు ఏకగ్రీవంగా తేల్చేశారు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఫోన్ చేసిన ప్రతిసారీ "వాడు తింటున్నాడా?" అనే అడిగేవారు. ఆవిడ పోయాక ఆ బాధ్యత మా పెద్దాడపడుచు తీసుకుంది. నేను వండని వంట లేదు, ఆయన వద్దన్న వంటా లేదు. తిన్నదంతా ఎక్కడికి పోయేదో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. అలాంటిది డెబ్భై దాటాక, ఒక చలికాలం చివర, ఆయన బుగ్గలు నిండడం మొదలుపెట్టాయి. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ముందు బుగ్గలు నిండాయి, తరవాత కళ్ళ కింద ముడతలు పోయాయి, నుదురు నునుపు తేలింది. ఒక శనివారం మా పక్క ఊరు వాన్‌లో తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్. నెలకోసారి తలా ఒక వంట పట్టుకుని ఈ పరాయి దేశంలోని తెలుగువాళ్ళం అలా కలుస్తుంటాం. గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే ఒకమ్మాయి, "అంకుల్ ఒళ్ళు చేశారే" అంది. ఇంకొకాయన, "సార్‌కి రిటైర్మెంట్ బాగా పడింది" అన్నారు. మూడో ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఏం పెడుతున్నారండీ?" అని అడిగింది. నలభై అయిదేళ్ళుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. ఆవిడకి మెంతికూర పప్పు దగ్గర్నుంచి నువ్వుల పొడి దాకా అంతా విడమరిచి చెప్పాను.

అక్కడే కిటికీ వెలుతురులో ఆయన్ని నిలబెట్టి ఫొటో తీసి మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా ఆడపడుచు నుంచి వెంటనే జవాబు వచ్చింది. "ఇప్పటికి తిండి పెట్టడం నేర్చుకున్నావన్నమాట." ఆ మాటలో ముల్లు ఉందని తెలుసు. అయినా ఆ పూటకి దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను.

ఇంటి దగ్గర మరో రెండు విచిత్రాలు జరుగుతున్నాయి. సాక్సు విప్పితే పిక్క చుట్టూ గాడి పడుతోంది. పొద్దున్న ఆయన వెళ్ళొచ్చాక బాత్రూములో కమోడు నిండా నురగ తేలుతోంది. మా ఆయన రిటైరయ్యే దాకా మంచినీటి శుద్ధి కేంద్రంలో ఇంజనీరు. సరస్సు నీళ్ళు లాగి, వడగట్టి, ఊరికి పంపే చోట పనిచేశారు. కాబట్టి ఆయన అనుమానం నేరుగా నీళ్ళ మీదికి పోయింది. గాజుగ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి, గిలకొట్టి, దీపానికి అడ్డంపెట్టి చూశారు. పాత ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేసి, మేముండే ఎటోబికో వైపు పైపుల్లో ఏమైనా తేడా వచ్చిందా అని ఆరా తీశారు. నా అనుమానం కమోడు కడిగే ద్రావకం మీద. దాన్ని మార్చి వేరే కంపెనీది తెచ్చాను. అలా ఒకరం కుళాయిని, ఒకరం సీసాని అనుమానించుకుంటూ హాయిగా నెల గడిపేశాం. మనిషిని అనుమానించాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

తరవాతి పాట్‌లక్‌కి ఆయన పాదాలు బూట్లలో దూరలేదు. మంచులో చెప్పులేసుకుని వచ్చారు. మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎవరికి ఏ నలత వచ్చినా ముందు పాట్‌లక్‌లో విచారణ జరగాల్సిందే. ఆ రోజు మా ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, ప్యాంటు అంచు పైకి మడిచి, ఒకరి తరవాత ఒకరు వచ్చి పిక్క నొక్కి చూశారు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోన్‌లో వెతికి థైరాయిడ్ అన్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన గుండె అన్నారు. మా ఆయన ఎవరు నొక్కితే వాళ్ళకి కాలు చాపుతూ కూర్చున్నారు.

గది చివర కుర్చీలో డాక్టరమ్మ గారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. విశాఖలో చిన్నపిల్లల డాక్టరుగా పేరు తెచ్చుకుని, కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పులిహోర ప్లేటు పక్కన పెట్టి, "నాయనా, ఇలా రా" అన్నారు. బొటనవేలితో ఆయన పిక్క మీద నొక్కి పట్టుకుని వదిలారు. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"పొద్దున్న లేవగానే కళ్ళుబ్బుతున్నాయా?"

"ఊఁ."

"సాయంత్రానికి కాళ్ళలోకి దిగుతోందా? ఒంటేలు నురగొస్తోందా?"

మా ఆయన నీళ్ళ గురించి మొదలుపెట్టబోయారు. ఆవిడ ఆపేశారు. "ఊరి నీళ్ళు బానే ఉన్నాయి గానీ, నీ ఒంట్లోంచి ప్రోటీన్ పోతోంది. నువ్వు అయిదేళ్ళ కుర్రాడివైతే ఈపాటికి జబ్బు పేరు చెప్పేసేదాన్ని. మా పిల్లల వార్డులో ఇలాంటి మొహాలు వరసగా కూర్చునేవి. నీ వయసులో మాత్రం నేను చూళ్ళేదు. సోమవారం యూరిన్ టెస్ట్ చేయించు, వాయిదా వెయ్యకు."

"నేను ఒళ్ళు చేశారనుకున్నానండీ" అన్నాను.

"ఒళ్ళు కాదమ్మా, నీరు."

ఆ మాటతో నా నెల రోజుల గర్వం గుమ్మం దగ్గర చెప్పుల్లో కలిసిపోయింది. ఇంటికి వస్తుంటే ఆయన చెంపల వైపు చూడాలంటేనే భయం వేసింది.

టెస్టుల్లో డాక్టరమ్మ గారి మాటే తేలింది. రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో పోతోంది. అదొక్కటే అయితే ఫరవాలేదు, కిడ్నీలు పనిచేసే వేగం కూడా బాగా పడిపోయింది. మా ఫ్యామిలీ డాక్టరు ఆలస్యం చెయ్యకుండా కిడ్నీ స్పెషలిస్టు దగ్గరికి పంపింది. ఆ స్పెషలిస్టు మా అమ్మాయి కంటే చిన్నది, అందుకే మాకు ఆవిడ డాక్టరమ్మాయి. ఆవిడ ఇంగ్లీషులో చెప్పిందాన్ని నా తెలుగులో రాస్తున్నాను. ఈ వయసులో ఇలా నీరు పట్టడానికి చాలా కారణాలు ఉంటాయి, వాటిలో కొన్ని మంచివి కావు, ఎక్కడో దాక్కున్న క్యాన్సర్ కూడా కావచ్చు. సూదితో కిడ్నీ ముక్క తీసి చూస్తే గానీ చెప్పలేం. ఈలోగా కిడ్నీలు ఇంకా పడిపోతే డయాలసిస్ గురించి మాట్లాడుకోవాలి.

మా ఆయన "సరే" అన్నారు. నేను మాత్రం నా జన్మలో మొదటిసారి, ఆయన మళ్ళీ సన్నగా అయిపోతే చాలు దేవుడా అని మొక్కుకున్నాను.

బయాప్సీ రోజున ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, వీపు వైపు నుంచి, తెర మీద కిడ్నీని చూస్తూ సూది దించారట. బయట నేను గోడ మీది నోటీసులు చదివినవే చదువుతూ కూర్చున్నాను. ఆయనేమో లోపల సూది వ్యాసం ఎంతో కనుక్కున్నారు. తరవాత కదలకుండా వెల్లకిలా పడుకోవాలన్నారు. ఆకుపచ్చ జెల్లీ ఒకటి తెచ్చిచ్చారు. పడుకునే తినాలి కాబట్టి నేనే చెంచాతో పెట్టాను. నర్సు చూసి, "ఎంత ముద్దుగా ఉన్నారో" అంది. ముద్దూ లేదు పాడూ లేదు, జెల్లీ ఆయన చొక్కా మీద పడకుండా చూసుకోవడమే నా గోల.

ఫలితం చెప్పిన రోజు మాత్రం నేనెప్పటికీ మర్చిపోను. డాక్టరమ్మాయి నవ్వుతూనే లోపలికొచ్చింది. క్యాన్సర్ జాడలేమీ దొరకలేదట. మామూలు మైక్రోస్కోపులో కిడ్నీ ముక్క దాదాపు ఆరోగ్యంగానే ఉందట. ఇంకా పెద్ద మైక్రోస్కోపులో చూస్తే, ప్రోటీన్‌ని ఆపే వడపోత పొర మీద వేళ్ళలా అల్లుకుని ఉండాల్సిన కణాలు చదునైపోయాయట. చిన్నపిల్లల్లో తరచుగా, పెద్దవాళ్ళలో తక్కువగా, డెబ్భై దాటినవాళ్ళలో అరుదుగా వచ్చే జబ్బు అది.

"వడపోత" అనగానే మా ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "అయితే ఫిల్టర్ చిరగలేదు కదా? మార్చాలా, లేకపోతే బాగుచేస్తే సరిపోతుందా?"

"బాగవుతుందనే అనుకుందాం. పిల్లలకైతే స్టెరాయిడ్స్ మొదలుపెట్టిన కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. మీ వయసులో నెలలు పట్టొచ్చు. కొందరికి లొంగదు కూడా. లొంగిందంటే మాత్రం కిడ్నీలు వెనక్కొస్తాయి."

ఆ "లొంగిందంటే" నా చెవుల్లో ఉండిపోయింది. ఆయన చెవిలో "అరుదు" ఒక్కటే పడినట్టుంది. కారెక్కుతూ, "మనం రేర్ కేసంటోయ్" అన్నారు, అదేదో శాలువా కప్పి ఇచ్చిన బిరుదైనట్టు. ఒషావాలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాం. పక్కనుంచి మనవరాలు విని, "తాతయ్యా, ఆర్ యూ ఎ కిడ్ నౌ?" అని అడిగింది. "ఊఁ, ఇక నుంచి నీ క్లాసే" అన్నారాయన. ఆ రోజు అందరం నవ్వాం. నవ్వి ఎన్ని వారాలైందో అప్పుడు తెలిసింది.

ఇక వైద్యం. పొద్దున్నే గుప్పెడు స్టెరాయిడ్ మాత్రలు, నీరు లాగడానికి ఒకటి, ఎముకలకి ఒకటి, కడుపుకి ఒకటి. ఉప్పు దాదాపు మానేయాలి. ఆవకాయ జాడీ, మాగాయ, అప్పడాలు, చల్లమిరపకాయలు అన్నీ మూటకట్టి పక్కింటి తెలుగు కుర్రాళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళు "అంకుల్‌కి ఎలా ఉంది?" అని అడగడం మర్చిపోయి, "ఆంటీ, గోంగూర కూడా ఉందా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గోంగూర కూడా ఇచ్చాననుకోండి.

ఉప్పు లేకుండా వండడం నాకేమీ రాదు. నిమ్మకాయ, ఇంగువ, వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయలతో మొదలుపెట్టాను. మొదటివారం వండినవి ఆయన తిన్నారంటే అది మంచితనం. ఈ సంగతి పాట్‌లక్‌లో తెలిసి అక్కడొక పోటీ మొదలైంది. అంకుల్ కోసం ఉప్పు లేని వంట ఎవరు బాగా చేస్తారా అని. ఉప్పు లేని పులిహోర, ఉప్పు లేని గుత్తివంకాయ, ఉప్పు లేని పెసరట్టు వచ్చాయి. ఒకావిడ తెచ్చిన కొబ్బరి పచ్చడి అమోఘంగా ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే, "చెయ్యి ఆగలేదండీ, రవ్వంత వేశాను" అంది. డాక్టరమ్మ గారు ఆ గిన్నె తీసుకెళ్ళి తన ముందు పెట్టుకుని, మొత్తం తనే తినేశారు.

అసలు విశేషం ఉప్పులో లేదు, మాత్రల్లో ఉంది. మా ఆయన మితభాషి. మితం అనడం కూడా కాస్త ఎక్కువే. "ఊఁ", "సరే", "చూద్దాం" అనే మూడు మాటలతోటే ఇల్లు కొన్నారు, కూతురికి పెళ్ళి చేశారు, రిటైరయ్యారు. స్టెరాయిడ్లు మొదలైన కొద్దిరోజులకి ఈ మనిషి మాట్లాడడం మొదలుపెట్టారు. పొద్దున్న కాఫీతో ఆరంభం. నేను కూర తరుగుతుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని కబుర్లు. చిన్నప్పుడు బందరు కాలవలో పోగొట్టుకున్న చెప్పు, హాస్టల్లో తిన్న సాంబారు, ఉద్యోగం మొదటిరోజున బట్టల మీద వేసుకునే బాయిలర్ సూటు తిరగేసి తొడుక్కున్న సంగతి. ఇవన్నీ ఇన్నేళ్ళూ లోపల ఎక్కడ పెట్టుకున్నారో.

ఒకరోజు అన్నారు, "నేను డ్యూటీ నుంచొచ్చి కాసేపు కార్లోనే కూర్చునేవాణ్ణి, నీకు తెలుసా?"

"తెలుసు. ఇంట్లోకి రావడానికి బద్ధకం."

"కాదోయ్. వేసవిలో వంటింటి కిటికీ తీసుండేది కదా. నువ్వు ఫోన్‌లో మీ చెల్లెలితో మాట్లాడుతుండేదానివి. నవ్వేదానివి. నేనొస్తే ఆపేస్తావని బయటే కూర్చుని వినేవాణ్ణి."

నేను పొయ్యి వైపు తిరిగి, కలపక్కర్లేని కూరని కలుపుతూ నిలబడ్డాను. అన్నేళ్ళు ఆ కారు తలుపు చప్పుడు ఆలస్యమైనప్పుడల్లా నేను లోపల మొహం ముడుచుకునేదాన్ని. ఈ మందేదో పెళ్ళైన కొత్తలోనే ఎవరైనా రాసిచ్చుండాల్సింది.

తరవాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మాయికి చెప్పాను, ఈయన మాట్లాడుతున్నారని. ఆవిడ కంగారుగా రాసుకుంది. "అది మందు ప్రభావం. డోసు తగ్గేకొద్దీ పోతుంది. మీకు మరీ ఇబ్బందిగా ఉందా?" అని అడిగింది.

"ఇబ్బందేమీ లేదు" అన్నాను.

మందు ఊరికే ఏమీ ఇవ్వలేదు. షుగరు పెరిగింది. చేతులు వణికాయి. గోడకి మోచెయ్యి తగిలినా నల్లగా కమిలిపోయేది. అంతటి మందు మింగుతున్నా, రోజూ పొద్దున్న మూత్రంలో ముంచి చూసే కాగితప్పట్టీ ముదురు ఆకుపచ్చకే తిరిగేది. ప్రోటీన్ పోతుంటే ఆకుపచ్చ, ఆగితే పసుపు. ఆయన బాత్రూములో పట్టీ ముంచుతుంటే నేను తలుపు బయట నిలబడేదాన్ని. లోపలినుంచి "ఆకుపచ్చే" అని వినిపించేది. తరవాత మామూలుగానే ఇద్దరం కాఫీ తాగేవాళ్ళం. పిల్లలకి వారాల్లో తగ్గే జబ్బు, మాకు వసంతం వెళ్ళి ఎండలు ముదిరినా తగ్గలేదు. ఈ నెల కూడా చూసి మందు మారుద్దాం అంది డాక్టరమ్మాయి. ఆ మారే మందుకీ లొంగకపోతే ఏమిటని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ నెలలోనే ఒక పొద్దున్న లోపలినుంచి ఏ మాటా రాలేదు. తలుపు కొట్టాను. ఆయన తలుపు తీసి పట్టీని నా ముందు పెట్టారు. ఆకుపచ్చ కాదు. లేత, చాలా లేత రంగు. పసుపని ఒట్టేసి చెప్పలేను గానీ ఆకుపచ్చ మాత్రం కాదు. "ఇది చెప్పడానికి ఇంతసేపా?" అని కసిరాను. కసురుతూనే ఏడ్చేశాను. ఇంకో వారానికి పట్టీ పసుపుకి తిరిగింది. రక్త పరీక్షలో కిడ్నీలు మెల్లగా వెనక్కి వస్తున్నాయని తేలింది.

ఆ తరవాత ఒంట్లో నీరు ఎలా వచ్చిందో అలా పోయింది. పిక్కలు తేలాయి, బుగ్గలు లోపలికి పోయాయి, ప్యాంటు జారిపోకుండా బెల్టుకి కొత్త చిల్లు పొడిచాను. వీడియో కాల్‌లో మా ఆడపడుచు చూసి, "అయ్యో, మళ్ళీ చిక్కిపోయాడే" అంది. "అవునొదినా, భగవంతుడి దయ" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నా మొహంలోకి చూసింది. సంతోషమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ క్షణం చూపిస్తాను.

డోసు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. మధ్యలో జలుబు చేసినప్పుడు పట్టీ మళ్ళీ ఆకుపచ్చకి తిరిగింది. మూడోరోజుకే పట్టుకుని ఫోన్ చేశాం, కొన్నాళ్ళు డోసు పెంచారు, తగ్గిపోయింది. ఈ జబ్బుతో బతకడం అంటే అంతే, అది గుమ్మంలోకి వచ్చిందని ముందు చూసుకోవడమే. అది నేర్చుకున్నాం. మాత్రలు తగ్గేకొద్దీ కబుర్లూ తగ్గాయి. స్టూలు వంటింట్లోంచి హాల్లోకి పోయింది. కూర తరిగే వేళకి ఆయన పేపరు చదువుకుంటున్నారు. కిడ్నీలు తిరిగొచ్చిన మనిషి కబుర్లు కూడా చెప్పాలని అడిగితే అత్యాశ అవుతుందనిపించింది.

మాత్రలు పూర్తిగా ఆపేసిన రోజున డాక్టరమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. "మళ్ళీ వస్తుందా?" అని అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు. వస్తే పట్టుకుంటాం" అంది. జబ్బు చేసినప్పటి నుంచీ కారు నేనే నడుపుతున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని, ఎప్పటిలాగే, కిటికీలోంచి చూస్తున్నారు. ఇల్లు ఇంకో పది నిమిషాల దూరంలో ఉందనగా అన్నారు.

"మళ్ళీ వస్తే మళ్ళీ మాట్లాడతాలే."

ఆయనకి తెలుసన్నమాట. మాటలు తగ్గడం ఆయనా చూశారు, నేను చూడడమూ చూశారు.

"అది రాకుండానే మాట్లాడండి" అన్నాను.

"ఏం మాట్లాడమంటావు?"

"ఏదైనా."

ఎర్ర లైటు దగ్గర ఆగాం. "ఈ సిగ్నల్ ఉంది చూశావూ, దీని టైమింగ్ తప్పు" అని మొదలుపెట్టారు. ఎడమవైపు తిరిగే బళ్ళకి ఎంతసేపు ఇవ్వాలో, ఎంత ఇస్తున్నారో, వాన పడిన రోజున ఏమవుతుందో, మునిసిపాలిటీవాళ్ళు దీన్ని ఎందుకు పట్టించుకోరో చెప్పుకుంటూ పోయారు. మాత్ర లేదు, మందు లేదు, ఆ మాటలు పూర్తిగా ఆయనవే. అంత విసుగు పుట్టించే కబురు నా జన్మలో వినలేదు. మా వీధి మలుపు వచ్చింది. నేను తిప్పకుండా నేరుగా పోనిచ్చాను. ఆయన గమనించారో లేదో గానీ, మాట మాత్రం ఆపలేదు.